పొయ్యి పైన ఏడు గుండ్రాలు

మధ్యాహ్నం మూడూ ముప్ఫై అయిదుకు రిత్సు ‘కుబోయ’ అనే మట్టిపాత్రల కొట్టు జాలీ తలుపు పక్కకు జరిపి లోపలికి వచ్చింది. బయట సన్నగా వాన. లోపల మనిషన్నవాడు లేడు. అయినా ఎవరో పలికారు.

“టింగ్.”

గొడుగు మూస్తున్నదల్లా ఆగిపోయింది. ఎడమవైపు చెక్కబల్ల మీద పద్నాలుగు తెల్లటి టీ గిన్నెలు వరసగా ఉన్నాయి. మొదట ఆ చివరి గిన్నె పలికింది. తర్వాత మధ్యలోది. ఆ తర్వాత ఆమె మోచేతి పక్కనే ఉన్నది, గోటితో మీటినట్టు పలికింది. దాన్నెవరూ ముట్టుకోలేదు. గదిలో గాలి కూడా లేదు.

తప్పిపోయిన మనుషుల్ని వెతికిపెట్టడం కుజుహర రిత్సు వృత్తి. ఇరవై రెండేళ్లుగా క్యోటోలో అదే పని. దయ్యాల మీద ఆమెకు నమ్మకం లేదు. వెతికిన ప్రతివాడూ చివరికి ఏ అద్దెగదిలోనో ఆసుపత్రి మంచం మీదో దొరికాడు తప్ప, దయ్యంగా ఒక్కడూ దొరకలేదు. అయినా ఇప్పుడు ఒళ్లు జలదరించింది. జలదరించినందుకు తన మీద తనకే చిరాకు వేసింది. ఆ చిరాకుతోనే చేతి గడియారం చూసుకుంటూ లెక్కపెట్టింది. ఒక్క నిమిషంలో పంతొమ్మిదిసార్లు.

ఒక గిన్నె పక్కన అరచెయ్యి ఆనించింది. మార్చి మొదటి వారం, నిప్పు లేని గది. గిన్నె రాయిలా చల్లగా ఉండాలి. గోరువెచ్చగా ఉంది.

“అవి మా పెద్దయ్యగారి గిన్నెలమ్మా. మాట్లాడుతుంటాయి.”

రిత్సు వెనక్కి తిరిగింది. చీకటి నడవలోంచి ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. అడుగుల చప్పుడు లేదు. నలభై ఏళ్లుగా ఈ కొట్టులో గుమస్తా యసోజి. నడుం వంగింది కానీ చూపు వంగలేదు.

“ఎవరితో మాట్లాడతాయి?”

“వినేవాళ్లతో.”

“ఎప్పుడొచ్చాయివి?”

“పోయిన బుధవారం. కొండమీది బట్టీ నుంచి నేనే తెచ్చాను. ఆరు రోజులైంది.”

రిత్సు బట్టీల వీధిలో పుట్టి పెరిగిన మనిషి. బట్టీలోంచి తీసిన గిన్నె చల్లారే కొద్దీ పైపూత బిగుసుకుని వెంట్రుకంత పగుళ్లిస్తుందని, పగిలినప్పుడల్లా ఇలా మోగుతుందని ఆ వీధిలో పాకే పిల్లలకు కూడా తెలుసు. మొదటిరోజు గోలగోల. మర్నాటికి తగ్గుముఖం. ఆరో రోజున గంటకొకటి మోగితే గొప్ప. ఈ గిన్నెలు ఇవాళ పొద్దున బట్టీ దిగాయి. అదీ కొండ మీద కాదు. షిగరకి కొండల నుంచి ఈ వానలో రెండు గంటలు లారీలో వస్తే వెచ్చదనం మిగలదు. ఈ ఇంట్లోనే, ఆ నడవ చివర ఎక్కడో దిగాయి.

“అమ్మగారితో ఎవరొచ్చారని చెప్పమంటారు?”

“చినత్సు పంపిన మనిషని చెప్పండి.”

ఆ పేరు వినగానే ముసలాయన మొహంలో కోపం వస్తుందనుకుంది రిత్సు. రాలేదు. జాలిలాంటిదేదో వచ్చి పోయింది.

చినత్సు ఈ ఇంటి ఆడపిల్ల. ఏడో తరం కుమ్మరి నిషికుబో జింగొరోకి ఒక్కతే కూతురు. ఇరవై రెండో ఏట తండ్రితో దెబ్బలాడి గడప దాటింది. ఎనిమిదేళ్లుగా ఈ ఇంటి మొహం చూడలేదని పొద్దున పదింటికి రిత్సుతో ఆమే చెప్పింది. ఆమె ఉండేది కొత్త మేడలో నాలుగో అంతస్తు, రెండు గదులు. చల్లారిపోయిన టీ కప్పులు మూడు. ఫ్రిజ్ మీద పొగచూరిన మట్టిబొమ్మ ఒకటి, బానపొట్ట హొతెయ్ దేవుడిది, ఒక చెవికి బంగారు అతుకు. అదెక్కడిదంటే, పాత సామాన్ల సంతలో చెవి బాగుందని కొన్నానంది. ఆ పక్కనే బిస్కెట్ల డబ్బాలో ఎనిమిది ఉత్తరాలు. ఎనిమిదేళ్లు ఉలుకూ పలుకూ లేని తండ్రి డిసెంబరు పదహారు నుంచి పదిరోజులకొకటి చొప్పున రాస్తున్నాడు. అన్నింట్లోనూ ఒకటే మాట. కొండమీది బట్టీలో ఉన్నాను, క్షేమం, రావద్దు.

“పోలీసులు బతికే ఉన్నాడన్నారు,” అంది చినత్సు. ఉత్తరాలు ఒక్కొక్కటే రిత్సు ముందు పరిచింది. “నాకు నమ్మకం కలగట్లేదు. నాన్న బతికున్నాడో లేదో చెప్పండి. ఇంకేం వద్దు. మీరు స్వయంగా తెలుసుకుని చెప్పండి.”

ఇంతకాలం తర్వాత కూడా తండ్రి కోసం ఇంత తపనా అని రిత్సు మనసు కరిగింది. సాయంత్రం అయిదింటికల్లా చెప్తానని మాటిచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు సందు మొదట్లో మిఠాయి కొట్టులో కూర్చుని ఎదురుచూస్తోంది. మాటిచ్చి తప్పడం రిత్సుకు చేతకాదు. ఈ వృత్తిలో అదొక రోగం.

లోపలి గదిలో ఒరియె ఎదురొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. జింగొరోకి రెండో భార్య, చినత్సుకి సవతి తల్లి. యాభై ఎనిమిదేళ్లు. జుట్టు ఒక్క పోగు చెదరలేదు. గిన్నెలో చిక్కటి పచ్చ టీ కలిపి రిత్సు ముందు పెట్టింది. ఆ గిన్నె కూడా తెల్లటిదే.

“ఇంత వానలో అంతదూరం నుంచి వచ్చారు. మీ ఓపిక చూస్తే ముచ్చటేస్తోందండీ,” అంది.

ఎందుకొచ్చావని దానర్థం. రిత్సు టీ తాగి, గిన్నె కింద పెట్టి, తిన్నగా విషయంలోకి దిగింది.

“జింగొరో గారు కొండకి ఎప్పుడెళ్లారు?”

“డిసెంబరు పదో తారీఖు. పొద్దున ఏడూ ఇరవైకి. మట్టి లారీలో.”

“ఎక్కించిందెవరు?”

“యసోజి.”

“తర్వాత మీరు చూడ్డానికి వెళ్లారా?”

“పని మధ్యలో ఆడవాళ్లొస్తే ఆయనకి గిట్టదు.”

“కొత్త సంవత్సరానికి?”

“అప్పుడు కూడా పనేనండీ.”

“చలి ఎక్కువ కదా అక్కడ. పెద్దాయన మోకాళ్లకి పట్టీలవీ పంపారా?”

ఒరియె ఒక్క క్షణం ఆలస్యంగా తలూపింది. “పంపాం.”

రిత్సు ఆమె చేతుల వంక చూసింది. పట్టు కిమోనో చేతుల్లోంచి బయటికొచ్చిన వేళ్లకి గోళ్లు మాంసం దాకా కత్తిరించి ఉన్నాయి. కొట్టు యజమానురాలి గోళ్లు అలా ఉండవు. సారె మీద మట్టిని చేత్తో పైకి లేపేవాళ్లకి గోరు మిగిలితే గిన్నె లోపల గాటు పడుతుంది.

“బయట గిన్నెలు చాలా బాగున్నాయి,” అంది రిత్సు. “పొద్దున ఎన్నింటికి బట్టీ తెరిచారు?”

“ఏ బట్టీ?”

“మీ పెరట్లోది. గిన్నెలింకా వెచ్చగా ఉన్నాయి ఒరియె గారూ. నిమిషానికి పంతొమ్మిదిసార్లు మోగుతున్నాయి.”

నడవ అవతల కొట్టులో ఒకటి మోగింది. ఇద్దరూ విన్నారు. ఒరియె సమాధానం చెప్పేలోపు తలుపు దబ్బున జరిగింది, బూట్ల చప్పుడు వినిపించింది.

“కుజుహర గారూ. మీ గొడుగు గుర్తుపట్టాను. చచ్చిన కాకిలా ఉంటుంది.”

ఇన్‌స్పెక్టర్ మురోత టోక్యో నుంచి బదిలీ మీద వచ్చి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో రిత్సు అతని రిపోర్టులు రెండు తప్పని తేల్చింది. అతనది మర్చిపోలేదు, ఆమె మర్చిపోనివ్వలేదు.

“కొత్త సంవత్సరం సభకి ఏడో జింగొరో రాలేదని కుమ్మరుల సంఘం వాళ్లు అడిగారు,” అన్నాడు మురోత, గది అంచు మీద చతికిలబడి. “విచారించాను. బతికే ఉన్నాడని రాశాను. ఇవాళ అయిదింటికి ఆ కాగితం పైకి వెళ్తోంది. మధ్యలో మీకేం పని?”

“మీరాయన్ని చూశారా?”

“కొండ మీద మోకాలు లోతు మంచు. ఉత్తరాలు చూశాను. పెట్టెల మీది రాతతో పోల్చి చూపించాను. గిన్నె పెట్టే చెక్కపెట్టె మూత మీద కుమ్మరి తన పేరు రాస్తాడు కదా. ముప్ఫై మూతలు తెప్పించాను. ఉత్తరాలూ మూతలూ ఒక్క చేతివే. నిపుణుడు సంతకం పెట్టాడు.”

“ఒక్క చేతివే. నిజమే,” అంది రిత్సు. “యసోజి గారూ, ఒకసారి మీ కుడిచెయ్యి చూపిస్తారా?”

గుమ్మం పక్కన నిలబడ్డ యసోజి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. దాచుకున్నాక, దాచుకోవడం తప్పని తెలిసి ముందుకు చాపాడు. నడిమి వేలి కణుపు మీద కాటుకలాంటి సిరా మచ్చ. నిన్నామొన్నటిది కాదు, ఏళ్లతరబడి చర్మంలోకి దిగినది.

“మూతల మీద మీరెన్నేళ్లుగా రాస్తున్నారు?”

“ముప్ఫై ఏళ్లు,” అన్నాడు యసోజి నెమ్మదిగా. “పెద్దయ్యగారికి చేతులు వణికేవి.”

మురోత మొహం ఎర్రబడింది. “అయితే ఏంటి? ఉత్తరాలు కూడా ఈయన చేత చెప్పి రాయించి ఉండొచ్చు. చేతులు వణికితే మనిషి చచ్చిపోయినట్టా? శవం ఉందా మీ దగ్గర? పరాయి ఇంట్లో దూరి వేధిస్తున్నారని ఈవిడొక్క మాట రాసిస్తే మిమ్మల్ని రాత్రికి స్టేషన్లో కూర్చోబెడతాను.”

ఒరియె అతనివైపు తిరిగి చాలా మృదువుగా నవ్వింది.

“ఇన్‌స్పెక్టర్ గారూ, టీ పోసిన అన్నం కలపమంటారా?”

ఈ ఊళ్లో పుట్టినవాళ్లెవరైనా ఆ మాట వినగానే లేచి చెప్పులు వేసుకుంటారు. దయచేయండి అనడానికి ఇంతకన్నా మర్యాదైన మాట క్యోటోలో లేదు. రిత్సు అలవాటు కొద్దీ సగం లేచింది కూడా.

“కలపండి,” అన్నాడు మురోత. “మధ్యాహ్నం తిండి లేదు.”

ఒరియె నవ్వు అలాగే మొహాన నిలిచిపోయింది. తానడిగాక కాదనడానికి వీల్లేదు. మెల్లగా లేచి వంటింటివైపు నడిచింది. మూడేళ్లలో మొదటిసారి రిత్సుకు మురోత మీద ప్రేమలాంటిది కలిగింది. తను గంటసేపు మాటల్లో తిప్పినా ఆ వంటింటి దారి దొరికేది కాదు.

“నేను సాయం చేస్తానుండండి,” అని వెంట నడిచింది. మురోత గొణుక్కుంటూ ఆమె వెనక వచ్చాడు, ఈవిడని ఒంటరిగా వదిలితే ఏం పీకుతుందోనని.

నాలుగూ ఇరవై. వంటిల్లు మట్టినేల, పైన కప్పు దాకా ఒకటే ఖాళీ. పొగ పైకి పోవడానికి పూర్వం అలా కట్టేవాళ్లు. పైన చిన్న కిటికీలోంచి బూడిదరంగు వెలుతురు దిగుతోంది. రెండు నోళ్ల మట్టిపొయ్యి చల్లగా పడుంది. పొయ్యి పైన, నల్లగా పొగబట్టిన చెక్క అర.

రిత్సు అర వైపు చూసింది. చూసి, అన్నం గిన్నె తీస్తున్న ఒరియె వైపు చూసింది. అప్పుడు ఆమెకు నిజంగా చలేసింది.

అర మీద బొటనవేలంత హొతెయ్ బొమ్మ ఒక్కటే ఉంది. రంగులు తాజాగా మెరుస్తున్నాయి. దాని కింద, నల్లటి చెక్క మీద తెల్లటి గుండ్రం. ఆ పక్కన ఇంకో గుండ్రం, కొంచెం పెద్దది. ఆ పక్కన ఇంకోటి. ఒకదానికన్నా ఒకటి పెద్దవవుతూ మొత్తం ఏడు గుండ్రాలు. ఏళ్లతరబడి ఏవో నిలబడ్డ చోట పొగ అంటలేదు.

“ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ అర మీద ఏం కనిపిస్తోంది?”

“బొమ్మ. నా తిండికీ దానికీ ఏంటి సంబంధం?”

“మీ ఊళ్లో ఉండదు లెండి. ఇక్కడ ఫిబ్రవరిలో, పాత పంచాంగంలో గుర్రం పేరిట వచ్చే మొదటి రోజున, ఫుషిమి గుడి గుట్ట దగ్గరికెళ్లి ఒక మట్టి హొతెయ్ కొంటారు. మొదటి ఏడు అన్నిటికన్నా చిన్నది. మరుసటేడు ఒక సైజు పెద్దది. అలా ఏడేళ్లకి ఏడు. వంటింటి పొయ్యి పైన వరసగా నిలబెడతారు.”

“అయితే?”

“ఇంట్లో చావు జరిగితే వరస మొత్తం దింపేస్తారు. ఏట్లో కలుపుతారు, లేదా గుడికిచ్చేస్తారు. మళ్లీ మొదట్నుంచీ మొదలు. చిన్నదానితో.”

మురోత అర వంక ఇంకోసారి చూశాడు. ఈసారి గుండ్రాలు లెక్కపెట్టాడు.

“ఏడూ నిండిన వరస,” అంది రిత్సు. “ఎన్నేళ్లుగానో కదలనిది. దింపారు. ఈ ఫిబ్రవరిలో చిన్నది కొని మళ్లీ మొదలుపెట్టారు. ఒరియె గారూ, ఉత్తరాలు రాయించారు. గిన్నెలు మీరే చేశారు, ఇవాళ్టివి కాదు, ఎన్నేళ్లుగానో. ఊరందరికీ ఆయన బతికున్నాడని చెప్పారు. పొయ్యి దగ్గరి దేవుడికి మాత్రం అబద్ధం చెప్పలేకపోయారు.”

ఒరియె చేతిలో అన్నం గరిట అలాగే ఉంది. కొట్టులో గిన్నెలు ఒకదాని వెనక ఒకటి మూడు మోగాయి. ఆమె పొయ్యి అంచు మీద కూర్చుంది. కూర్చున్నాక అప్పుడే పదేళ్లు పైబడ్డట్టు కనిపించింది.

“ఖాళీ అర చూస్తూ వంట చెయ్యలేకపోయానండీ,” అంది. “అందుకే కొన్నాను. ఎవరి కంటా పడదనుకున్నాను.”

“ఎక్కడున్నాడాయన?” మురోత గొంతు మారిపోయింది.

“మట్టికొట్టులో.”

అంటే పెరటి గోదాములో నేల కింద గది. ఈ తరం తవ్వి తెచ్చిన మట్టిని తడిబట్ట కప్పి వచ్చే తరం కోసం నానబెట్టి ఉంచుతారు. తాత పోసిన మట్టితో మనవడు గిన్నెలు చేస్తాడు. రిత్సు తాగి వచ్చిన తెల్లగిన్నె గుర్తొచ్చి నోట్లో టీ రుచి తిరగబడింది. ఒరియె ఆమె మొహం చూసి తల అడ్డంగా ఊపింది.

“ఆ మూల మట్టి నేను ముట్టుకోలేదు. ఒట్టు.”

“చెప్పండి. ఏ రోజు?” రిత్సు అడిగింది. “గంటలతో సహా.”

“డిసెంబరు తొమ్మిది. ఒంటిగంటా పదికి నేను గిన్నెలు ఇచ్చి రావడానికి బయటికెళ్లాను. మూడూ నలభైకి వచ్చాను. వంటింట్లోకి రాగానే మొదట కనపడింది ఈ అరే. ఖాళీగా ఉంది. ఏడూ లేవు. ఎవరు పోయారో నాకప్పటికి తెలీదు. అర చూసి, ఎవరో పోయారని తెలిసింది. అప్పుడు వెతికాను. ఆయన మెట్ల కింద ఉన్నారు. మెడ ఒక పక్కకి తిరిగిపోయుంది. ఒళ్లు చల్లబడింది.”

మురోత జేబులోంచి పుస్తకం తీసి ఆ గంటలు రాసుకున్నాడు.

“అంటే మీరు దింపలేదు,” అంది రిత్సు.

“నేనా? నేనొచ్చేసరికే లేవు.” ఒరియె తలెత్తి గుమ్మం వైపు చూసింది. అక్కడ యసోజి నిలబడి ఉన్నాడు. “గుమ్మంలో ఈయన చెప్పులున్నాయి. మనిషి లేడు. నలభై ఏళ్లు ఆ నోటి దురుసు పడ్డాడు, ఒక్కరోజు ఓపిక చచ్చిపోయుంటుంది అనుకున్నాను. ఈయన్ని ఈ వయసులో జైలుకి పంపలేక...”

“అమ్మగారూ.” యసోజి ఒక అడుగు లోపలికి వేశాడు. “ఆ రోజు సంఘానికి బూట్లేసుకుని వెళ్లాను. నాలుగుంబావుకి వచ్చాను. మీరు ఖాళీ అర ముందు కూర్చుని ఉన్నారు. మీరే దింపారనుకున్నాను. పదిహేనేళ్లు మీరు గిన్నెలు చేస్తే ఆయన పేరు పెట్టుకున్నాడు, మీరొక్కసారి తోసుంటారు అనుకున్నాను. అందుకే ఉత్తరాలు రాశాను.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మూడు నెలలు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తింటూ, ఎదుటి మనిషి హంతకుడనుకుంటూ, ఆ హంతకుణ్ణి కాపాడుకుంటూ బతికారు. ఒక్క మాట అడిగుంటే తేలిపోయేది. ఇద్దరికీ అడిగే ధైర్యం లేకపోయింది. రిత్సుకు గుండె పిండినట్టయింది.

మురోతకు అలాంటివేం లేవు. బేడీలు తీశాడు.

“బాగానే కట్టారు కథ. శవం దాచింది ఇద్దరూ కలిసి. ఎవరు తోశారో స్టేషన్లో తేలుస్తాను.”

“ఆగండి. మూడూ నలభైకి ముందే అర ఖాళీ అయింది. అప్పటికి ఇంట్లో వీళ్లిద్దరూ లేరు.”

“వాళ్ల మాటే సాక్ష్యం.”

“సంఘం పుస్తకంలో ఈయన వచ్చిన టైము ఉంటుంది, గిన్నెలు తీసుకున్నవాళ్ల దగ్గర ఈవిడ టైము ఉంటుంది. వెళ్లి చూసుకోండి. ఈసారి మూతలతో పోల్చకండి.” రిత్సు అర దగ్గరికి జరిగింది. “ఇన్‌స్పెక్టర్ గారూ, ఒక మనిషి మెట్ల మీంచి పడి చచ్చాడు. తోసినవాడు ఏం చేస్తాడు? పారిపోతాడు. దొంగైతే దొరికింది పట్టుకుని పారిపోతాడు. ఈ మనిషి పారిపోయే ముందు వంటింట్లోకొచ్చి, పీట వేసుకుని, ఏడు బొమ్మలూ దింపింది. చావుకి చెయ్యాల్సింది చేసింది. ఆలోచించి చేసిన పని కాదు, ఒంటికి అలవాటైన పని. ఒరియె గారూ, ఈ ఇంట్లో బొమ్మలు దింపేది ఎవరు?”

“ఇంటి ఆడపిల్ల,” అంది ఒరియె. “ఈ ఇంటి ఆచారం అది. చినత్సు కన్నతల్లి పోయినప్పుడు ఆ పిల్లకి పదేళ్లు. ఏడుస్తుంటే కూడా ఆయన వదల్లేదట. పీట ఎక్కించి ఆ పిల్ల చేతే అన్నీ దింపించారట.”

అంటుండగానే ఒరియె గొంతు సన్నబడిపోయింది.

“ఆ ఏడు బొమ్మలూ ఎక్కడైనా కనిపిస్తే గుర్తుపడతారా?” రిత్సు అడిగింది. అడుగుతుంటేనే జవాబు ఎక్కడో తనలోనే కదులుతోందని అనిపించింది.

“అయిదోదాన్ని గుర్తుపడతాను. నేనొచ్చాక పెట్టిన వరస అది. చినత్సు పంతొమ్మిదో ఏట కోపంలో దాన్ని తీసి తండ్రి మీదికి విసిరింది. చెవి విరిగింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. చేతులు వణుకుతున్నా మూడు వారాలు కూర్చుని ఆ చెవిని బంగారంతో అతికారు. ఆయన ఎవరి మీదైనా ప్రేమ చూపించడం నేను చూసింది అదొక్కసారే.”

కొత్త మేడ, నాలుగో అంతస్తు. గ్యాసు పొయ్యి తప్ప కట్టెల పొగ ఎరగని వంటగది. ఫ్రిజ్ మీద పొగచూరిన హొతెయ్, చెవికి బంగారు అతుకు. పొద్దున తను దాని పక్కనే నిలబడి ఉత్తరాలు చదివింది. చెవి బాగుందని కొన్నానన్న మాట కూడా నమ్మింది. ఇరవై రెండేళ్ల అనుభవం మట్టి కొట్టుకుపోయినట్టనిపించి రిత్సుకు తల దిమ్మెక్కింది.

నడవలో గోడగడియారం అయిదు కొట్టడం మొదలుపెట్టింది. అది ఆగకముందే కొట్టు తలుపు జరిగిన చప్పుడైంది.

“మురోత గారూ,” అంది రిత్సు చాలా చిన్నగా. “బేడీలు లోపల పెట్టండి. కదలకండి.”

నడవలో దీపం లేదు. మధ్యలో ఒకచోట నేల జానెడు దిగుతుంది. కొత్తవాళ్లెవరైనా అక్కడ తూలుతారు, గంట క్రితం రిత్సు కూడా తూలింది. వస్తున్న అడుగులు తూలలేదు. ఆ చీకట్లో సరిగ్గా ఆ చోట కాలు దించుకుని, అదే నడకతో వచ్చాయి.

చినత్సు వంటింటి గుమ్మంలో ఆగింది. సవతి తల్లి వంక చూడలేదు. ఇన్‌స్పెక్టర్ని చూసి బెదరలేదు. ఆమె కళ్లు తిన్నగా పొయ్యి పైకి వెళ్లి, ఒంటరిగా ఉన్న చిన్న బొమ్మ మీద ఆగాయి. చేతిలో గుడ్డమూట ఉంది. అందులో కొబ్బరికాయంత గుండ్రటిదేదో ఉంది.

“అయిదైంది కుజుహర గారూ.”

“అయిందమ్మా.”

“ఆ రోజు నేనొచ్చాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. మెట్ల పైన. విదిలించుకున్నాను. అంతే.” పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. “ఊపిరి లేదు. నేను చూశాను. చెవి పెట్టి మరీ విన్నాను. బొమ్మలు దింపాను. ఆరు ఏట్లో వదిలాను. ఇది వదల్లేకపోయాను.” మూట గుండెకి హత్తుకుంది. “వారం తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. నాన్న రాత. క్షేమం అని. మళ్లీ వచ్చింది. మళ్లీ మళ్లీ వచ్చింది. నేను నిద్రపోయి మూడు నెలలైంది.”

యసోజి గోడకి ఆనుకుని జారి కూర్చుండిపోయాడు.

రిత్సుకు పొద్దుటి మాట ఇప్పుడు వినపడింది. నాన్న బతికున్నాడో లేదో చెప్పండి. ఇంకేం వద్దు. అప్పుడామె అందులో తపన విన్నది. అందులో ఉన్నది తపన కాదు, భయం.

“ఇప్పుడు చెప్పండి,” అంది చినత్సు. “నేను వదిలిన చోటే ఉన్నాడా? లేచి వెళ్లి నిజంగానే రాస్తున్నాడా?”

మురోత నోరు తెరవబోయాడు. రిత్సు చెయ్యెత్తి ఆపింది. మాటిచ్చింది తను.

“లేడమ్మా. మీ నాన్నగారు ఆ రోజే పోయారు. ఉత్తరాలు ఆయనవి కావు.”

కొట్టులో గిన్నెలు వరసగా మోగి ఊరుకున్నాయి. చినత్సు మూటని మెల్లగా పొయ్యి అంచు మీద పెట్టి, పక్కనే మట్టినేల మీద కూలబడి, మూడు నెలల తర్వాత మొదటిసారి భుజాలు వదులు చేసింది.

“అమ్మయ్య,” అంది.